సర్పంచ్‌ను కాదు, పనిని పట్టుకోండి: గ్రామ పంచాయతీ చేత లెక్క చెప్పించడం ఎలా?

ప్రశ్న క్లుప్తంగా ఇది. తెలంగాణలో సుమారు రెండు వేల మంది ఓటర్లున్న ఊరు. గ్రామసభ రిజిస్టర్‌లోనే జరుగుతోంది. కొత్తగా వేసిన సీసీ రోడ్డు ఏడాది తిరక్కుండానే పగిలింది. సర్పంచ్‌ను అడిగితే ఇంజనీరును, ఇంజనీరును అడిగితే కాంట్రాక్టరును చూపిస్తున్నారు. సర్పంచ్‌ను వెనక్కి పిలిచే హక్కు వస్తే తప్ప ఇది బాగుపడదా, లేక ఉన్న చట్టంతోనే ఏమైనా చేయవచ్చా అని అడిగారు.

ఉన్న చట్టంతో చాలానే చేయవచ్చు. చట్టం మారాల్సిన చోట్లు కూడా ఉన్నాయి, వాటి గురించి తర్వాత చెబుతాను. చాలా ఊళ్లలో జరిగే పొరపాటు ఏమిటంటే "పంచాయతీలో అవినీతి జరుగుతోంది" అని ఒక మనిషి మీద ఫిర్యాదు మొదలుపెడతారు. అది రెండు రోజుల్లో పార్టీల గొడవైపోతుంది, విచారణకు వచ్చిన అధికారి ఇరువర్గాల వాంగ్మూలాలు రాసుకుని వెళ్లిపోతాడు. అందుకని ఒక్క పనిని ఎంచుకోండి. మీ ఊళ్లో ఆ రోడ్డే సరిపోతుంది.

ఏ పనికైనా వెనక కాగితాల వరస ఒకటి ఉంటుంది. మొదట పంచాయతీ తీర్మానం. తర్వాత పంచాయతీరాజ్ అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) వేసే అంచనా, దానికి సాంకేతిక మంజూరు, పాలనాపరమైన అనుమతి. పని ఎవరికి అప్పగించారో చెప్పే ఒప్పందం. పని అయ్యాక ఏఈ కొలతలు రాసే ఎం-బుక్ (కొలతల పుస్తకం), దాన్ని సరిచూసినట్టు డిప్యూటీ ఇంజనీరు (డీఈ) సంతకం. చివరికి బిల్లు, వోచరు, చెల్లింపు. ఒక్కో కాగితం మీద ఒక్కొక్కరి సంతకం ఉంటుంది. మీకు ఎదురవుతున్న "నేను కాదు, ఆయన" అన్న జవాబు ఈ కాగితాలు చేతిలో లేనంతవరకే చెల్లుతుంది.

వీటిని సమాచార హక్కు చట్టం కింద తీసుకోండి. తెలుగు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జిరాక్సు పేజీకి 2 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకపోయినా, అరకొరగా వచ్చినా 30 రోజుల్లో మొదటి అప్పీలు, అక్కడా పని కాకపోతే 90 రోజుల్లో సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఎం-బుక్ పంచాయతీ కార్యాలయంలో ఉండదు, ఇంజనీరింగ్ విభాగం దగ్గర ఉంటుంది. మీ దరఖాస్తును పంచాయతీ కార్యదర్శి 5 రోజుల్లో అక్కడికి బదిలీ చేయాలని చట్టం చెబుతుంది కానీ, దాన్ని నమ్ముకుంటే నెలలు పోతాయి. తీర్మానం, బిల్లు, వోచరు కోసం కార్యదర్శికి ఒకటి, అంచనా, ఎం-బుక్ పేజీలు, నాణ్యత పరీక్ష నివేదిక కోసం ఇంజనీరింగ్ సబ్ డివిజన్‌కు ఒకటి, రెండు దరఖాస్తులు ఒకే రోజు పెట్టండి.

దరఖాస్తు చెడిపోయేది రాసే తీరులోనే. "రోడ్డు ఎందుకు పగిలింది?" అని రాస్తే జవాబు రాదు, ఎందుకంటే ఆ చట్టం కింద దొరికేది రికార్డులో ఉన్నదే, సంజాయిషీ కాదు. "గత పదేళ్ల పనులన్నిటి వివరాలు" అంటే సిబ్బంది సమయమంతా దానికే పోతుందని చెప్పి కాపీలివ్వకుండా తప్పించుకునే వీలు చిక్కుతుంది. ఫలానా సంవత్సరం, ఫలానా వీధి, ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు వేసిన సీసీ రోడ్డు అని రాసి, కావాల్సిన కాగితాలను పేరుపేరునా అడగండి. పనిని, రికార్డులను స్వయంగా తనిఖీ చేసే హక్కు, వాడిన సామగ్రి నమూనా తీసుకునే హక్కు కూడా అదే చట్టంలో ఉన్నాయి. రికార్డుల తనిఖీకి మొదటి గంట ఉచితం. దీన్ని వాడుకునేవాళ్లు చాలా తక్కువ, కానీ కాపీల కంటే ఇది ఎక్కువ పనిచేస్తుంది. రిజిస్టర్ మొత్తం కళ్ల ముందుంటుంది కాబట్టి, ముందు వెనక పేజీల్లో ఏముందో కూడా తెలుస్తుంది.

ఎం-బుక్ పేజీ చూసి భయపడక్కర్లేదు. ఒక వరసలో పొడవు, వెడల్పు, మందం, పరిమాణం ఉంటాయి. 100 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 0.15 మీటర్ల మందం అయితే 45 ఘనపు మీటర్ల కాంక్రీటు. ఊరి వీధుల్లో వాడే ఎం20 రకం కాంక్రీటుకు ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాల సిమెంటు పడుతుంది, అంటే 360 బస్తాలు. పొడవు, వెడల్పు టేపుతో మీరే కొలుచుకోవచ్చు, అందుకే అక్కడ మోసం పెద్దగా జరగదు. జరిగేది మందంలో. రోడ్డు అంచున చూస్తే 15 సెంటీమీటర్లు నిండుగా కనిపిస్తుంది, ఎందుకంటే అంచున రేకు కట్టి పోస్తారు. నడిమధ్యన నేలను సరిగా తవ్వి చదును చేయకపోతే 10 సెంటీమీటర్లే పడుతుంది. ఆ 5 సెంటీమీటర్లు 100 మీటర్లకు దాదాపు 15 ఘనపు మీటర్లు, అంటే ఇంచుమించు మూడో వంతు కాంక్రీటు లేనట్టే. దీన్ని తేల్చేది అంచున పెట్టే టేపు కాదు, మధ్యలో యంత్రంతో తొలిచి తీసే కాంక్రీటు ముక్క, అంటే కోర్. నాణ్యతా నియంత్రణ విభాగం చేత మూడు చోట్ల కోర్ తీయించాలని లిఖితపూర్వకంగా అడగండి. చోట్లను కాంట్రాక్టరు కాకుండా గ్రామస్థులు చూపించాలి. మరో రోడ్డు వేయబోతున్నారంటే ఈ శ్రమ అంతా అక్కర్లేదు. కాంక్రీటు పోయకముందు ఒక అంచు నుంచి మరో అంచుకు దారం లాగి, మధ్యలో నేల వరకు లోతు కొలిచి ఫొటో తీసుకుంటే చాలు.

ఫిర్యాదు రాసే ముందు పగులు తీరు చూడండి, ఎవరిది తప్పో అది సగం చెబుతుంది. రోడ్డుకు అడ్డంగా, దాదాపు సమాన దూరాల్లో పగిలితే నాలుగైదు మీటర్లకొకటి కోయాల్సిన జాయింట్లు (గాట్లు) కోయలేదని అర్థం. పైపొర వల అల్లినట్టు పగిలి దుమ్ము రాలుతుంటే నీళ్లు ఎక్కువ కలిపారు, లేదా కనీసం రెండు వారాలు తడపాల్సింది తడపలేదు. పొడవునా ఒకే గీతలో పగిలి పక్కన కుంగిందంటే కింద పైపులైను కందకం ఉండి, దాన్ని దిమ్మిస కొట్టకుండా పూడ్చారేమో ఆరా తీయండి. అలాంటప్పుడు సర్పంచ్‌ను నిలదీసి లాభం లేదు, కందకం తవ్విన శాఖ జవాబు చెప్పాలి. ఒప్పందంలో లోపాలు సరిచేయాల్సిన గడువు ఎంతో కూడా చూడండి. ఆ గడువు లోపల అయితే కాంట్రాక్టరు సొంత ఖర్చుతో బాగుచేయాలి, అప్పటిదాకా అతని ధరావతు సొమ్ము విడుదల చేయకూడదు. ఏడాదిలోపు పగిలిన రోడ్డుకు మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం ఇదే. మీ మొదటి లేఖ "ధరావతు విడుదల చేయవద్దు" అన్నదే కావాలి.

ఇక గ్రామసభ. తెలంగాణ 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి, ఓటర్ల సంఖ్యను బట్టి కోరం ఉండాలి, సభ పెట్టని సర్పంచ్ పదవి పోగొట్టుకునే నిబంధన కూడా ఉంది. నిబంధన ఇంత గట్టిగా ఉంది కాబట్టే సభ కాగితం మీద తప్పకుండా జరుగుతుంది. మినిట్స్ పుస్తకం తెరిచి చూస్తే ఎలాగో కనిపిస్తుంది. పేజీ పైన తేదీ, కింద సంతకాలు, వేలిముద్రలు, మధ్యలో ఖాళీ. సంతకాలు పింఛన్లు పంచే రోజో, రేషను దుకాణం దగ్గరో తీసుకుంటారు, తీర్మానాలు తర్వాత నింపుతారు. పాత పేజీల్లో మొదటి తీర్మానం అక్షరాలు విశాలంగా ఉండి, చివరి నాలుగు వరసలు సంతకాల మీద పడకుండా ఇరుకుగా దూర్చినట్టు ఉంటే సంగతి ఇదే.

దీనికి విరుగుడు సులభమే, కానీ పది మంది కలిసి పట్టుబట్టాలి. తీర్మానం సభలోనే రాయాలి, అంకె వేయాలి, రాసింది పైకి చదవాలి, చివరి వరస కింద అడ్డగీత గీయాలి, ఆ తర్వాతే సంతకాలు. లేచి వెళ్లేముందు నలుగురు ఆ పేజీని ఫోనుతో ఫొటో తీసుకోవాలి. సభ తేదీకి ముందే డప్పు చాటింపు వేయించమని కార్యదర్శికి లేఖ ఇవ్వండి, ఎజెండాలో మీ అంశం చేర్చమని అదే లేఖలో అడగండి, లేఖ కాపీ మీద రసీదు ముద్ర వేయించుకోండి. అడగాల్సిన అంశాలు కూడా ఎక్కువ వద్దు. గడిచిన రెండు నెలల జమాఖర్చు, ఇంటి పన్ను డిమాండ్-వసూలు-బాకీ పట్టిక, చివరి ఆడిట్ నివేదికలోని అభ్యంతరాలు, ఈ మూడు చదివించగలిగితే ఆ సభ ఫలించినట్టే. పన్ను బాకీల పట్టిక పైకి చదివితే ఊరి పెద్దల పేర్లు కూడా వస్తాయి, అందుకే చదవడానికి వెనకాడతారు. మీవాళ్ల బాకీలు ముందు కట్టి సభకు వెళ్లండి.

ఆడిట్ నివేదికను చాలామంది పట్టించుకోరు. స్టేట్ ఆడిట్ విభాగం ఏటా లెక్కలు చూసి పేరాలు, అంటే అభ్యంతరాలు రాస్తుంది: వోచర్లు చూపలేదు, తీర్మానం లేకుండా ఖర్చు చేశారు, ఎం-బుక్ చూపలేదు, బిల్లులో కోసిన కార్మిక సెస్సు, సీనరేజి (ఇసుక, కంకర వంటి ఖనిజాల మీద రుసుము) జమ చేయలేదు. ఇవి మీ ఆరోపణలు కావు, ప్రభుత్వ ఆడిటరు రాసినవి. వీటికి జవాబివ్వకుండా ఏళ్లు గడుస్తుంటాయి. నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టే సర్‌ఛార్జి ప్రక్రియ ఉన్నా, ఎవరూ వెంటపడకపోతే అది కదలదు. పాత పేరాల్లో ఎన్నింటికి జవాబిచ్చారో, ఎన్ని మిగిలాయో సభలో అడిగి మినిట్స్‌లో రాయించండి. 15వ ఆర్థిక సంఘం నిధుల చెల్లింపులు ఈ-గ్రామ్‌స్వరాజ్ పోర్టల్‌లో, మేరీ పంచాయత్ యాప్‌లో ఎవరైనా చూడవచ్చు. అక్కడ కనిపించే చెల్లింపు తేదీని ఎం-బుక్ కొలతల తేదీతో పోల్చండి. కొలతల కంటే చెల్లింపు ముందుంటే మరో ఆధారం వెతకాల్సిన పని లేదు. అదే నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కేటాయించాలని షరతు ఉండేది. పారిశుధ్యం పేరిట వేరే పనులకు మళ్లించారా అన్నది కూడా అక్కడే బయటపడుతుంది.

చిల్లర ఖర్చుల గురించి ఒక మాట. రోడ్డు ఒకసారి వేస్తారు, బ్లీచింగ్ పౌడరు, ట్రాక్టరు డీజిలు, వీధి దీపాల ఖర్చు మాత్రం నెలనెలా ఉంటుంది. 40,000 లీటర్ల ట్యాంకు రోజుకోసారి నిండితే, వెయ్యి లీటర్లకు 2.5 నుంచి 4 గ్రాముల లెక్కన రోజుకు 100 నుంచి 160 గ్రాముల పౌడరు పడుతుంది, నెలకు 3 నుంచి 5 కిలోలు. 100 కిలోల బిల్లు కనిపించగానే దొంగతనమని అరవకండి. మురుగు కాలువల వెంట చల్లేది దీనికి చాలా రెట్లు ఉండొచ్చు. స్టాక్ రిజిస్టర్‌లో ట్యాంకుకు ఎంత, కాలువలకు ఎంత అని విడివిడిగా రాస్తున్నారా అన్నది అడగాలి. ఊరి చివరి కుళాయి దగ్గర క్లోరోస్కోప్‌తో (నీళ్లలో క్లోరిన్ చూసే చిన్న పరికరం) చూస్తే లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. రిజిస్టర్‌లో పౌడరు ఖర్చయి, చివరి కుళాయిలో క్లోరిన్ సున్నా అయితే పౌడరు ట్యాంకులో పడటం లేదు, లేదా మూట విప్పి ఉంచడంతో సత్తువ పోయింది. ట్రాక్టరు విషయంలో లాగ్ బుక్‌ను బండి గంటల మీటరుతో సరిపోల్చండి. నెలకు పోయించిన లీటర్లను నడిచిన గంటలతో భాగిస్తే వచ్చే అంకె నెలనెలా పెద్దగా మారకూడదు.

ఇప్పుడు చట్టం సంగతి. వెనక్కి పిలిచే హక్కు మీద నాకు పెద్ద ఆశ లేదు. మధ్యప్రదేశ్‌లో మున్సిపల్ అధ్యక్షుల విషయంలో అది పాతికేళ్ల కిందటే వచ్చింది, కానీ ప్రక్రియ మొదలవ్వాల్సింది కౌన్సిలర్ల సంతకాలతో. అంటే ప్రజల కోపం కంటే ముందు కౌన్సిలర్ల లెక్కలు పనిచేస్తాయి. మన దగ్గర సర్పంచ్‌ను ఓటర్లు నేరుగా ఎన్నుకుంటారు కాబట్టి వార్డు సభ్యులు అవిశ్వాసంతో దించలేరు. సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఉంది. సర్పంచ్ ప్రతిపక్షంవాడైతే ఆ అధికారం చురుగ్గా కదలడం, అధికార పార్టీవాడైతే నిద్రపోవడం ఊళ్లలో అందరూ చూస్తున్నదే. కేరళలో స్థానిక సంస్థలపై ఫిర్యాదులు వినడానికి 2000 నుంచి అంబుడ్స్‌మన్ ఉంది. ఫిర్యాదు వినేవాడు, నిధులు ఇచ్చేవాడు, సస్పెండ్ చేసేవాడు ఒక్కరే కాకూడదన్నది అందులోని విషయం. మనకు ముందు కావాల్సింది అది. కర్ణాటకలో జమాబందీ పేరిట ఏటా పంచాయతీ లెక్కలను, చేసిన పనులను జనం ముందు పరిశీలిస్తారు. మనకూ ఇది కొత్తేమీ కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుంచి ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీ నడిచింది, దానికోసం 2009లో ప్రత్యేక సంస్థనే పెట్టారు. మస్టర్ రోలు (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ తిరిగి "ఈ వేతనం మీకు ముట్టిందా" అని అడిగిన పద్ధతిని పంచాయతీ సొంత నిధులకు, ఆర్థిక సంఘం నిధులకు విస్తరించకపోవడం పెద్ద లోటు.

2018 చట్టం సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్‌కు కూడా ఉమ్మడి చెక్ పవర్ ఇచ్చింది. రెండు కళ్లు చూస్తాయన్నది ఉద్దేశం. ఇద్దరికీ పడకపోతే మాత్రం మొదట ఆగేది పారిశుధ్య కార్మికుల జీతం, పడితే ఇద్దరూ ఒకటవుతారు. సంతకాలు పెంచడం వల్ల జవాబుదారీ రాదు, సంతకానికి ముందు కాగితం జనం కంట పడాలి. ఆన్‌లైన్ చెల్లింపుల్లోనూ ఇంతే. నమోదు చేసేది ఒకరు, ఆమోదించేది మరొకరు అని పెట్టారు, కానీ ఇద్దరి డిజిటల్ సంతకం కీలూ కంప్యూటర్ ఆపరేటర్ సొరుగులో ఉంటే ఆ ఏర్పాటుకు అర్థం లేదు. సగం స్థానాలు మహిళలకు రిజర్వు అయిన రాష్ట్రాల్లో సర్పంచ్ కీ భర్త జేబులో ఉండటం మరో జబ్బు. కీ ఎవరి దగ్గర ఉందో సభలో అడగడం తప్పు కాదు.

అందరూ వదిలేసే విషయం ఇంకొకటుంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. చేసిన పనికి బిల్లు సమయానికి రాకపోతే లెక్క అడిగే నైతిక బలమే పోతుంది. చిన్న పనులు నామినేషన్ మీద, అంటే టెండరు లేకుండా ఇస్తారు, చాలాచోట్ల వేరొకరి పేరుతో సర్పంచే అప్పు తెచ్చి చేయిస్తాడు. నూటికి 2 రూపాయల వడ్డీకి 5 లక్షలు తెస్తే నెలకు 10,000, బిల్లు ట్రెజరీలో ఏడాది ఆగితే 1,20,000. అంచనాలో కాంట్రాక్టరు లాభానికి, పైఖర్చులకు కలిపేది 13-14 శాతం, అంటే ఆ పనిలో దాదాపు 60,000. వడ్డీ అంతకు రెట్టింపు. ఆ తేడా రోడ్డు మందంలోంచే వస్తుంది. దీన్ని దొంగతనానికి సాకుగా చెప్పడం లేదు. కొలతలు పూర్తయిన 30 రోజుల్లో చెల్లించాలి, ఆలస్యమైతే ప్రభుత్వమే వడ్డీ కట్టాలి అన్న నిబంధన లేకుండా కింద ఎంత తనిఖీ పెట్టినా ఆ తేడా ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్థిక సంఘం నిధులను పంచాయతీల కరెంటు బకాయిల కింద సర్దుబాటు చేసినప్పుడు సర్పంచ్‌లు రోడ్డెక్కింది కూడా ఇందుకే. తన ఖాతాలోని డబ్బు తనకు తెలియకుండా పోయే సర్పంచ్‌ను దేనికి లెక్క అడుగుతాం?

ఎన్నికల సంగతీ అంతే. రాజ్యాంగం 243ఇ ప్రకారం అయిదేళ్ల గడువు ముగిసేలోపే ఎన్నికలు పూర్తికావాలి, 2006లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టులో గడువు ముగిస్తే 2021 ఫిబ్రవరిలో, తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో ముగిస్తే 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగాయి. మధ్యలో ప్రత్యేకాధికారి పాలన. ఆయన మండలంలో మరో ఉద్యోగం చేస్తూ నాలుగైదు ఊళ్లు చూస్తాడు, ఓటడగడానికి మళ్లీ రాడు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆర్థిక సంఘం గ్రాంటూ ఆగుతుంది. మీ ఊరి పాత లెక్కల్లో తేడా కనిపిస్తే అది సర్పంచ్ కాలానిదా, ప్రత్యేకాధికారి కాలానిదా తేదీలతో విడదీసి అడగండి. కొత్త సర్పంచ్ చేత చార్జి జాబితా (బాధ్యతలు తీసుకున్నప్పుడు అప్పగించిన వాటి పట్టిక) చదివించి తీర్మానంలో చేర్పిస్తే రేపు ఆ బరువు ఆయన మీద పడదు, అందుకని చాలావరకు ఆయనే సహకరిస్తాడు.

ఫిర్యాదు దశకు వస్తే, కలెక్టరేట్‌లో సోమవారం ప్రజావాణికి వెళ్లండి, కాపీ జిల్లా పంచాయతీ అధికారికి, ఇంజనీరింగ్ విభాగం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఒక్క పేజీ చాలు. "ఎం-బుక్ ఫలానా పేజీలో మందం 0.15 మీటర్లు, కోర్‌లో వచ్చింది ఇంత, ధరావతు ఆపాలి, తేడా సొమ్ము రాబట్టాలి" అని రాసి కాగితాలు జతచేయండి. మనుషుల పేర్లు, కులం, పార్టీ ఎక్కడా రాయకండి. ఒక్కరి పేరుతో కాకుండా వేర్వేరు వీధుల వాళ్లు, వీలైతే వేర్వేరు పార్టీల వాళ్లు అయిదుగురు సంతకం చేయండి. ఒంటరిగా సమాచారం అడిగినవాళ్ల మీద ఒత్తిడి, బెదిరింపులు వచ్చిన సందర్భాలు ఈ దేశంలో చాలా ఉన్నాయి. అసలు కాగితాలు ఇంట్లో ఒకచోటే ఉంచకుండా, వచ్చిన రోజే స్కాన్ చేసి ఆ అయిదుగురి ఫోన్లలోనూ పెట్టండి.